సరిచూసినవారి గడి

మోత్కూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నిరోష ఫోన్ తీసి మెయిల్ చూసింది. పేపర్ తీసుకుంటున్నామని జర్నల్ వాళ్లు రాశారు. కింది పేరాలో ఒక షరతు పెట్టారు. పేపర్ మీద నాలుగు పేర్లున్నాయి. ఎవరు ఏ పని చేశారో గడులవారీగా రాసి పంపాలి. నలుగురూ ఎవరి మెయిల్ నుంచి వాళ్లు ఒప్పుకోవాలి. అప్పుడే అచ్చు.

గడులను ఆమె కిందికీ పైకీ జరిపి చూసింది. ఆలోచన ఎవరిది. శాంపిళ్లు తెచ్చిందెవరు. ల్యాబులో పరీక్ష చేసిందెవరు. ఫలితాలు సరిచూసిందెవరు. రాసిందెవరు. పర్యవేక్షణ ఎవరిది.

నల్లగొండ చేరేదాకా ఆమె ఆ గడులు నింపుతూనే ఉంది. ఒకటి నింపితే ఇంకొకటి కుదరలేదు. ఇన్నాళ్లూ పేపర్ అంటే పేర్ల వరస. మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది అనే తకరారు వరకే. మధ్యలో ఉన్నవాళ్లు ఏం చేశారని ఎవరూ అడిగింది లేదు.

ఆమె పీహెచ్‌డీ గడువు ఈ మే నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాల్సిందంతా పొడిగించారు, ఇంక పొడిగించరు. థీసిస్‌తో పాటు పేపర్ తీసుకున్నట్టు జర్నల్ ఇచ్చే లెటర్ పెట్టాలి. ఈ గడులు నిండితే ఆ లెటర్ వస్తుంది.

యూనివర్సిటీలో ఆమె గైడ్ ప్రేమ్‌సాగర్ సార్ అప్పటికే మెయిల్ చూసి ఉన్నాడు. టేబుల్ మీద తెల్లకాగితం పెట్టుకొని గడులు గీస్తున్నాడు.

"కూసోమ్మా. ఒక్క నిమిషంల అయిపోతది. ఆలోచన నాది. పర్యవేక్షణ నాది. శాంపిళ్లు కమలాకర్. ల్యాబ్ నీది, రాసుడు నీది. సరిచూసుడు మన ఐలేశం."

నిరోష కాగితం వైపు చూసింది.

"సార్, శాంపిళ్ల కాడ నా పేరు లేదు."

"ఫీల్డుకు కమలాకర్ పోయిండు గద."

"వానలైనంక కమలాకర్ అన్న ఒక్కడే పోయిండు సార్. ఎండకాలం ఇద్దరం పోయినం. తిప్పలగూడెమైతే నేనొక్కదాన్నే పోయిన. అన్న బండి పంచరై హాలియాల ఉండిపోయిండు."

"నీకు రెండు గడులు ఉన్నయి. ఆయనకు ఒక్కటే. కాంట్రాక్టు లెక్చరరు, ఆయనకూ పనికొస్తది. ఫీల్డు అన్నకాడ మగపిల్లగాని పేరుంటే చూసెటోళ్లకు కూడ బాగుంటది."

"అన్నను తియ్యమంటలేను సార్. నన్ను పెట్టుమంటున్న."

సార్ పెన్ను కింద పెట్టాడు. ఆమె గొంతు పెంచలేదు, లేచి నిలబడనూ లేదు. ఆ ఎండలో ఆటో దొరక్క కాలువ గట్టు నుంచి నడిచిన దూరం ఆమె కాళ్లకు గుర్తుంది. పేపర్‌లో జర్నల్ వాళ్లు మెచ్చుకున్నది కూడా తిప్పలగూడేన్నే.

సంగతి ఇది. హాలియా అవతల సాగర్ కాలువ చుట్టుపక్కల పల్లెల్లో బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో వానలయ్యాక ఒకసారి, ఎండకాలంలో ఒకసారి చూశారు. అన్ని ఊళ్లలోనూ ఎండకాలం ఫ్లోరైడ్ పెరిగింది. తిప్పలగూడెంలో తగ్గింది. వానలయ్యాక లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు దాటిన చోట ఎండకాలం అర మిల్లీగ్రాముకు దిగింది, అదీ మూడు బోరింగుల్లోనూ. యాసంగి పంటకు వదిలిన కాలువ నీళ్లు భూమిలోంచి ఊరి బోరింగులకు చేరుతున్నాయని నిరోష రాసింది. ఆ పేరా రాయడానికి ఆమెకు పోయిన వానకాలమంతా పట్టింది. జర్నల్ తరఫున పేపర్ చదివి అభిప్రాయం చెప్పినాయన, ఈ పేపర్‌కు ప్రాణం ఈ పేరానే అన్నాడు.

"సరే, పెడుత తియ్," అని సార్ కమలాకర్ పేరు పక్కన ఆమె పేరు రాశాడు. "తృప్తయిందా?"

"ఐలేశం సార్ ఏం సరిచూసిండు సార్?"

సార్ నవ్వాడు. "ఆయన పేపర్ల నేనేం చూసిన్నో, నా పేపర్ల ఆయన గదే చూసిండు."

ఐలేశం పాలమూరులో కాలేజీ లెక్చరర్. ప్రేమ్‌సాగర్, ఆయన ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నారు. అప్పటి నుంచి ఈయన పేపర్ వస్తే ఆయన పేరు, ఆయన పేపర్ వస్తే ఈయన పేరు. పెండ్లిలో చదివింపుల తీరు. మా ఇంట్లో శుభకార్యానికి మీరు పెట్టారు, మీ ఇంట్లో జరిగితే మేం పెడతాం. అందులో తప్పుందని ఆ డిపార్టుమెంటులో ఎవరూ అనుకోరు. పెట్టకపోతేనే తప్పు.

ఆ సాయంత్రమే సార్ గడులు నింపి జర్నల్‌కు పంపాడు. మరునాడు పొద్దున నిరోష ల్యాబ్ తలుపు తీస్తుండగా ఫోన్ మోగింది.

"నిరోషనా? నేనమ్మా, ఐలేశాన్ని. పాలమూరు నుంచి."

"నమస్తే సార్."

"నేనేదో సరిచూసిన్నని మెయిలొచ్చింది. ఒప్పుకుంటే బటన్ ఒత్తుమన్నరు. ఏం సరిచూసిన్నమ్మా నేను?"

"ఫలితాలు సార్."

"ఎవలి ఫలితాలు?"

"మనయే సార్. ఫ్లోరైడ్‌వి."

"గిదివరదాంక పేరు నడిమిట్ల ఎక్కడనో ఉంటుండె. ఎవలన్న అడిగితే మా దోస్తు పేపరని చెప్తుంటి. ఇప్పుడు సరిచూసిండని రాస్తిరి. రేపు ఎవలన్న తప్పు పడితే మీ సార్‌ను అడుగుతరా, నన్ను అడుగుతరా?"

"తప్పేం లేదు సార్."

"ఉన్నదని నేనన్ననా? అయ్యన్ని జర నాకు పంపు. ఒక్కపారి చూసి ఒత్తుత. నాకు ఇంక రెండేండ్ల నౌకరున్నది బిడ్డా."

ఆమె అంకెలన్నీ పంపింది. ఆ పూట ఇంకో పని మీద మనసు నిలవలేదు. ఐలేశం సార్ అంకెలు చూస్తాడని ఆమె నమ్మలేదు. తెరిచి, మూసి, బటన్ ఒత్తుతాడు అనుకుంది. కానీ మధ్యాహ్నం దాటాక కూడా మెయిల్ రాలేదు. టిఫిన్ డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మూత పెట్టింది.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"తిప్పలగూడెం కాడ ఆగిపోయిన్నమ్మా."

"అదే సార్ మెయిన్ పాయింటు."

"కాలువ నుంచి ఊట వస్తుందని రాసినవు. మంచిగనే ఉన్నది. కాలువకు దగ్గరున్న బోరింగుల ఎక్కువ తగ్గాలె, దూరముంటే తక్కువ తగ్గాలె. మూడింటికి అర, అర, అర అని వేసినవు."

"మూడు ఒకే ఊర్ల ఉన్నయి సార్. దగ్గర దగ్గరే."

"వానలైనంక మూడు మూడు తీర్లుండె గద. అప్పుడు దగ్గర లేకుండెనా?"

నిరోష తన పేరా తెరిచింది. మూడు అంకెలు కలిశాయని ఆమె పేపర్‌లో గొప్పగా రాసింది. ఒకటి తప్పు పోవచ్చు, మూడూ ఎట్లా తప్పుపోతాయి అన్న లెక్కలో రాసింది.

"టీడీఎస్ ఎంతున్నది? నీళ్లల్ల కరిగిన ఉప్పంతా కలిపి."

"ఎండకాలం టీడీఎస్ చూడలేదు సార్. అప్పుడు మీటర్ రిపేరుకు పోయింది."

"సీసాలు పారబోసినవా?"

"ఉన్నయి సార్."

"అయితే చూసి చెప్పు. నేను ఈ బటన్ మీది నుంచి చెయ్యి తీసిన. నువ్వు చెప్పినంకనే ఒత్తుత."

సీసాలు ల్యాబులో కింది అరలో ఉన్నాయి. ఫ్లోరైడ్‌కు గాజు పనికిరాదని ప్లాస్టిక్‌వి. ముందు వేరే ఊరి సీసా తీసి మీటర్ ముంచింది. వెయ్యి దాటింది. ఇంకో ఊరిది ఎనిమిది వందలు. అవి బోరింగు నీళ్ల అంకెలే. తర్వాత తిప్పలగూడెం మొదటి సీసా మూత తీసింది. మీటర్ నలభై దగ్గర ఆగింది. మీటర్ కడిగి, తుడిచి, మళ్లీ ముంచింది. నలభై. రెండోది అంతే. మూడోది అంతే.

ఆ నేలలో నలభై అంకె చూపే నీళ్లు లేవు. కాలువలో కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

టేబుల్ మీద ఆమె తాగే సీసా ఉంది. పొద్దున రూములో ఫిల్టర్ క్యాన్ నుంచి పట్టుకొచ్చింది. మూత తీసి అందులో మీటర్ ముంచింది. నలభై మూడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేచింది. కిటికీ తీసింది, మూసింది. పోయినేడు తిప్పలగూడెంలో ఏం జరిగిందో మొదటి నుంచి తలుచుకోవడానికి చూసింది. ఎండ. కాలువ గట్టు. ఊరి మొదట్లో బాలనర్సమ్మ అనే ముసలామె ఇల్లు. తనకు కళ్లు తిరిగాయి. ఆమె చాపేసి పడుకోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. సీసాలు ఎందుకని అడిగింది. మూడు బోరింగుల నీళ్లు కావాలె అవ్వా, ఒక్కో సీసాకు ఒక్కో బోరింగు, అని తను చెప్పింది. నువ్వు పండు బిడ్డా, నేను తెస్త, అని ఆమె సీసాలు తీసుకుపోయింది. వచ్చేసరికి మూడూ నిండి ఉన్నాయి. మూతల మీద తడి ఉంది. ఇంక చూసేదేముంది అని తను అనుకుంది.

మరునాడు నిరోష హాలియా బస్సెక్కింది.

బాలనర్సమ్మ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. నిరోషను పోల్చుకుంది.

"ఎండ దెబ్బ తాకిన పిల్లవు గద. మల్ల ఎండలనే వచ్చినవా? నీకు చలికాలంల సెలవియ్యరా?"

"అవ్వా, ఒక్క మాట అడగనీకె వచ్చిన. అప్పుడు నా సీసాలల్ల ఏం నీళ్లు పోసినవు?"

"మంచి నీళ్లు పోసిన."

"బోరింగుయి కాదా?"

బాలనర్సమ్మ చేతిలో గింజను చాట పక్కన పడేసింది. "బోరింగుయి ఎట్ల పోస్త? గా నీళ్లు బర్లకు, బట్టలకు. ఇంటికొచ్చిన ఆడిబిడ్డవు, కండ్లు తిరిగి పడితివి, గా ఉప్పు నీళ్లు నీ చేతుల పెట్టి తోలుతనా? ఫిల్టర్ క్యాన్ అప్పుడే వచ్చింది. మూత ఇప్పి నింపిన."

"మూడూ?"

"మూడు సీసాలిస్తివి, మూడూ నింపిన. ఒకటి మంచియి, రెండు చెడ్డయి ఇస్తరా ఎవలన్న?"

"పరీక్ష చేస్తమని చెప్పిన గద అవ్వా."

"చెప్పినవు. పరీక్షకైతే మంచియి ఇయ్యొద్దా?" అని ఆమె అడిగింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు. "ఇంటికి సుట్టమొస్తే పగిలిన గ్లాసుల చాయ్ పోస్తమా? ఏమైంది, నీళ్లు బాగలెవ్వన్నరా?"

"బాగున్నయన్నరవ్వా. గదే తంటా."

తిరుగు బస్సులో ఆమె పేపర్‌లోని ఆ పేరాను ఫోన్‌లో తెరిచి చదివింది. వాక్యాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింద నీళ్లే లేవు. తను ఎక్కువ కొట్లాడింది శాంపిళ్ల గడి కోసమే. ఆ గడిలో సార్ పెట్టినట్టే కమలాకర్ పేరొక్కటే ఉండి ఉంటే, ఈ తప్పు అతని మీద పడేది. ఆ ఆలోచన ఒకసారి వచ్చి పోయింది. మళ్లీ వచ్చింది. నల్లగొండ పొలిమేరలో నకిరేకల్ పోయే బండ్లు కనిపించేదాకా ఆమె దాన్ని తోసేస్తూనే ఉంది.

ప్రేమ్‌సాగర్ సార్ మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివరికి కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"మూడు సీసాలకు పేపర్ ఆపుతవా?"

"కాలువ సంగతి గా మూడు సీసాల మీదనే నిలవడ్డది సార్."

"గడువు గుర్తున్నదా?"

"ఉన్నది సార్."

"లెటర్ లేకుంటే థీసిస్ ముట్టుకోరు. మల్ల మొదటి నుంచి రిజిస్ట్రేషన్."

"తెలుసు సార్."

"తెలిసి గూడ జర్నల్‌కు చెప్తనంటున్నవు." సార్ కుర్చీ వెనక్కి జరిపాడు. "గీ ఐలేశాన్ని ఎవడడగమన్నడు? ఇన్నేండ్లల్ల ఒక్క అంకె చూసిండా ఆయన? తీసేద్దాం ఆయన పేరు. పీడ పోతది."

"సరిచూసింది ఆయనే సార్."

సార్ కిటికీ వైపు తిరిగాడు. అంతలో టేబుల్ మీద ఆయన ఫోన్ మోగింది. కమలాకర్. నిరోష బస్సులో నుంచే అతనికి చెప్పింది. సార్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని "ఊ, ఊ" అన్నాడు. పెట్టేసి ఆమె వైపు చూశాడు.

"శాంపిళ్ల గడిల ఆయన పేరు తియ్యమంటున్నడు. తిప్పలగూడెం ఆయన పోనేలేదంట."

"వానలైనంక అన్ని ఊర్లు అన్ననే తెచ్చిండు సార్."

"గది గూడ వద్దంట. ఆయన రెన్యువల్ జూన్‌ల ఉన్నది. నువ్వే అడిగినవు గదమ్మా ఆ గడి. ఉంచుకో." సార్ కాగితం తీసి, కమలాకర్ పేరు మీద గీత గీశాడు. పెన్ను అక్కడే ఆగింది. ఇంకొంచెంసేపు ఆగి, పైకి పోయి, ఆలోచన గడి దగ్గర నిలబడింది. "కాలువ ఆలోచన కూడ నీదే గద, అసలు చెప్పాల్నంటే."

"ఫ్లోరైడ్ చూద్దామన్నది మీరు సార్."

"చూద్దామన్న. కాలువ అనలే నేను."

ఆయన తన పేరు కొట్టేసి నిరోష అని రాశాడు. పర్యవేక్షణ మాత్రం ఉంచుకున్నాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు. మొన్న ఆమెకు ఇంకొక్క గడి ఇవ్వడానికి ఆలోచించిన కాగితం మీద ఇప్పుడు నాలుగు గడుల్లో ఆమె పేరే ఉంది.

నిరోష ల్యాబుకు పోయి మెయిల్ రాసింది. తిప్పలగూడెం మూడు శాంపిళ్లు చెల్లవని, అవి ఆ ఊరి బోరింగు నీళ్లు కావని, కాలువ పేరా వెనక్కి తీసుకుంటున్నామని, ఇదే ఎండకాలంలో మళ్లీ తెచ్చి కొత్త అంకెలు పంపుతామని రాసింది. సీసాలు నింపేటప్పుడు తను దగ్గర లేనని కూడా రాసింది. గడుల కాగితాన్ని సార్ దిద్దినట్టు పెట్టలేదు. వానల తర్వాతి శాంపిళ్లు కమలాకర్, ఎండకాలంవి నిరోష, కమలాకర్, తిప్పలగూడెం నిరోష అని విడదీసి రాసింది. ఆలోచన ప్రేమ్‌సాగర్ అని మళ్లీ పెట్టింది. సరిచూసినవారు ఐలేశం. నలుగురికీ కాపీ పెట్టి పంపింది. పంపాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కడిగిన సీసాలనే మళ్లీ కడిగింది.

జవాబు మరునాడే వచ్చింది. చెప్పినందుకు థాంక్స్. కొత్త అంకెలు వచ్చేదాకా పేపర్ ఆపుతున్నాం. అవి చూశాక మళ్లీ రివ్యూకు పంపుతాం. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. లెటర్ ఇప్పుడు ఇవ్వలేం.

ఐలేశం సార్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. ఒక్కటే ముక్క. "ఒప్పుకున్న. బటన్ ఒత్తిన."

పొద్దు పొడవకముందే సీసాల డబ్బా పట్టుకొని బస్టాండ్‌కు బయలుదేరిన నిరోషకు గేటు దగ్గర బండి మీద కమలాకర్ కనిపించాడు. మొహానికి తువాల చుట్టుకున్నాడు.

"ఎక్కు చెల్లె."

"పేరు వద్దని సార్‌కు ఫోన్ జేస్తివి గదన్నా."

"పేరు వద్దన్న. బండి నడపనని అన్ననా?"

"జర్నల్ల బండి నడిపినోనికి గడి లేదన్నా."

"గందుకే వచ్చిన," అన్నాడు కమలాకర్. కొంత దూరం పోయాక, తల తిప్పకుండా అడిగాడు. "మెయిల్ల నా పేరు ఉంచినవు గద?"

"నువ్వు తెచ్చినయ్యి నువ్వు తెచ్చినవని రాసిన. వద్దంటే నువ్వే వాళ్లకు రాయి."

అతను హాలియా దాకా బండి నడిపాడు. దిగి చాయ్ తాగేటప్పుడు, "రాయలే నేను," అన్నాడు.

తిప్పలగూడెంలో బాలనర్సమ్మ ఈసారి కుర్చీ వేసింది. స్టీల్ చెంబులో ఫిల్టర్ నీళ్లు తెచ్చింది. నిరోష తాగింది. కమలాకర్ తాగాడు. సీసాలు తీయగానే ఆమె చెయ్యి చాపింది.

"నేనే పట్టుకుంట అవ్వా."

"బోరింగు కొట్టనీకె నీతోని ఐతదా? దాని కట్టె బిర్రుగుంటది."

"అయినంత కొడుత."

"ఊరు నీళ్లు గిట్లున్నయని నలుగురికి చూపెడుతవు."

"ఉన్నది ఉన్నట్టు చూపెడుత."

బాలనర్సమ్మ బోరింగు దాకా వెంట నడిచింది. నిరోష కొడుతుంటే పక్కన నిలబడి చూసింది. మొదటి నీళ్లు పారనివ్వాలి, పైపులో నిలవ ఉన్నవన్నీ పోవాలి. అవి కింద పారుతుంటే ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇల్లు ఊడ్వకముందు చుట్టాలొచ్చినట్టు.

"ఒక్క సీసా మంచియి గూడ పట్టుకపో బిడ్డా. వాటి పక్కన పెట్టుకుంటరు."

"అట్లనే అవ్వా. దాని మీద నీ క్యాన్ నీళ్లని రాస్త."

సీసా నింపి మూత పెట్టింది. పేరు రాసింది. రెండో బోరింగు ఊరవతల, మూడోది కాలువ వైపు ఉంది. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. కమలాకర్ కట్టె అందుకోబోతే వద్దని తల ఊపింది, తర్వాత ఆలోచించి ఇచ్చింది. సీసా మాత్రం తనే పట్టుకుంది.

ఫ్లోరైడ్ ఎంతో ఇక్కడ తెలియదు. ల్యాబుకు పోయాకే తెలుస్తుంది. ఇక్కడ తెలిసేది టీడీఎస్ ఒక్కటే. కాలువ నీళ్లు కలుస్తుంటే కాలువకు దగ్గరి బోరింగులో అది తక్కువ ఉండాలి. కాలువ ఊట నిజంగానే వస్తుండొచ్చు, రాకపోవచ్చు. వస్తే పేరా బతుకుతుంది. రాకపోతే పేపర్‌లో చెప్పడానికి మిగిలేది, అన్ని ఊళ్లలాగే ఈ ఊళ్లోనూ ఎండకాలం ఫ్లోరైడ్ పెరుగుతుందని. రెండింటిలో ఏదైనా లెటర్ ఎప్పుడొస్తుందో చెప్పదు.

ఫోన్ మోగింది. పాలమూరు నంబరు.

"టీడీఎస్ పెట్టినవా అమ్మా?"

"పెడుతున్న సార్. ఇది మూడోది. కాలువకు దగ్గర్ది."

"మొదటి రెండు ఎంత?"

ఆమె చెప్పింది. ఆయన అవతల రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"సరే, ఇది చెప్పు. నేను లైన్ల ఉంట."

నిరోష మీటర్‌ను సీసాలో ముంచింది. ఎండకు తెర మీద అంకెలు కనబడక, బాలనర్సమ్మ ముందుకొచ్చి కొంగు పట్టి నీడ చేసింది. ఆరు వందలు చూపింది, ఏడు వందలకు పోయింది, కొంచెం దిగింది, మళ్లీ పెరిగింది.

"ఎంతమ్మా?"

"ఆగుండ్రి సార్. అంకె ఇంకా నిలవలే."